ఆలాపల్లి అడవిలో మమ్మల్ని గట్టెక్కించిన ఆ ముగ్గురికి

దీపావళి సెలవుల్లో నేనూ మా అక్క కొడుకూ ఆలాపల్లి అడవిలో చిక్కుకుపోయిన సంగతి ఇప్పటికే సిరోంచలో సగం మందికి తెలిసిపోయింది, అదీ ఎవరికి తోచినట్టు వాళ్లకు. ఎలుగుబంటి తరిమిందట అని ఒకరు, నా కాలు విరిగిందని ఇంకొకరు. ఒకాయనైతే ఏకంగా బత్తాయిలు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. కాలు బాగానే ఉందండీ, విరిగింది సైకిల్. బత్తాయిలు మాత్రం వెనక్కి ఇవ్వలేదు, తినేశాం.

ఈ పోస్టు ఆ రోజు మాకు సాయం చేసిన ముగ్గురి కోసం. పేర్లు రాయొద్దన్నారు, ఫోటో అసలే వద్దన్నారు. సరే, రాయను. కానీ చదివితే అది తామేనని వాళ్లకు తెలుస్తుంది, చదవడం రానివాళ్లకు ఎవరైనా చదివి వినిపించండి.

మేం వెళ్లింది గ్లోరీ ఆఫ్ ఆలాపల్లి చూద్దామని. ఆలాపల్లి నుంచి భామ్రాగడ్ రోడ్డు మీద పదిహేను పదహారు కిలోమీటర్లు పోతే వస్తుంది. మొత్తం 6 హెక్టార్లే, అయినా 1953 నుంచి గొడ్డలి పెట్టకుండా వదిలేసిన అడవి అది, 2014లో మహారాష్ట్రలో మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. మా గడ్చిరోలి జిల్లా అనగానే బయటివాళ్లకు పేపర్లో వచ్చే నక్సలైట్ల వార్తలే గుర్తొస్తాయి, మా అమ్మకు కూడా అంతే, పుట్టి పెరిగింది ఇక్కడే అయినా "అటెందుకురా, ఇటు గోదారి గట్టు మీద తొక్కుకోరాదా" అని ఒకటే టెన్షన్.

ముందు రోజు రాత్రి అహేరిలో చిన్నమ్మ ఇంట్లో పడుకుని పొద్దున్నే బయల్దేరాం. దారి మరీ కష్టమేం కాదు, సన్నగా ఎక్కుడు, సన్నగా దిగుడు, తొడలు కాస్త మండుతాయంతే. కానీ ఆ టేకులు! మా ఇళ్లల్లో దూలాలకీ తలుపులకీ టేకే, పుట్టినప్పటి నుంచి చూస్తున్న చెక్కే, అయినా అంతంత మానుల కింద నిలబడి తలెత్తితే టోపీ వెనక్కి పడిపోయింది. మావాడూ నేనూ చేతులు చాపి ఒక మాను చుట్టూ పట్టుకోబోతే మా వేళ్లు కలవలేదు. పక్కన నల్లమద్ది చెట్లు, బెరడంతా మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి. ఆకులు చూసి మావాడు "మామా, చెట్లకు జబ్బు చేసింది" అన్నాడు. నిజంగానే చాలా టేకాకులు జల్లెడలా ఉన్నాయి, పచ్చదనం పోయి ఈనెలు మాత్రం మిగిలాయి, ఎండకు అడ్డం పెడితే అవతల మనిషి కనిపిస్తాడు. అక్కడున్న ఫారెస్టు గార్డు నవ్వి, ఒక రకం గొంగళిపురుగు ఏటా వానలు వెనకబట్టేసరికి ఆకులోని కండంతా తిని ఈనెలు వదిలేస్తుందని, చెట్టు చావదని, ఎలాగూ ఎండలు ముదిరే లోపు ఆకు రాల్చేసి మళ్లీ చిగురేస్తుందని చెప్పాడు. ఒక మోడు పక్కన లేత చిగురు తెంపి మావాడి అరచేతిలో నలిపించాడు. చెయ్యంతా ఎర్రగా అయింది, గోరింటాకు పెట్టుకున్నట్టు. వాడు సాయంత్రం దాకా ఆ చెయ్యి కడుక్కోలేదు.

లోపల సైకిళ్లు నడిపించుకుంటూ తిరిగాం. మావాడు ఒక మాటన్నాడు, నాకు బాగా నచ్చింది. సిరోంచ దగ్గర వడధాంలో రాయిగా మారిన చెట్లు ఉన్నాయి కదా, స్కూల్ వాళ్లు తీసుకెళ్లి చూపించారట, "అవి పడుకున్న చెట్లు, ఇవి నిలబడ్డ చెట్లు" అన్నాడు.

ఇక నా తెలివి. వచ్చిన రోడ్డునే వెనక్కి పోతే ఏ గొడవా లేదు. గార్డు కూడా రోడ్డు మీదే పొమ్మన్నాడు. నేను ఊ అని తలూపి, రెండు కిలోమీటర్లు పోయాక ఎడ్లబండ్ల బాట ఒకటి కనిపిస్తే అందులోకి దించాను. ఇరవై ఒక్క గేర్ల సైకిల్ కొన్నది తారు రోడ్డు మీద తొక్కడానికా అని. బాట బాగానే ఉంది, అబద్ధం చెప్పను, రెండు వైపులా టేకులు, కింద ఆకుల చప్పుడు, ఒక అరగంట స్వర్గమే. తర్వాత ఎండిన వెదురు రెమ్మ ఒకటి లేచి వెనక గేర్‌లో ఇరుక్కుంది. టక్‌మని ఒకే చప్పుడు. గేర్ డబ్బాను చట్రానికి పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది, హ్యాంగర్ అంటారు, అది విరిగి గేర్ మొత్తం చువ్వల్లోకి పోయింది. చక్రం తిరగదు, తొయ్యడానికి కూడా లేదు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. టైము నాలుగు కావస్తోంది, ఆ రోజుల్లో అయిదున్నర దాటితే చీకటే. పదమూడేళ్ల పిల్లాడు నా ముఖంలోకి చూస్తున్నాడు. నేను నవ్వాను కానీ అది నవ్వులా వచ్చి ఉండదు.

సైకిల్ భుజాన వేసుకుని నడిచాం. కోళ్ల అరుపు విని అటు తిరిగితే చిన్న గూడెం. మొదటి ఇంటి ముందు ఒక ముసలవ్వ. ఆమెది మాడియా, ఇక్కడి గోండుల భాష, నాది తెలుగు, మధ్యలో నా వచ్చీరాని మరాఠీ. ఏ భాషా కుదరక ఆమె నన్ను వదిలేసి పిల్లాడి ముఖం చూసింది, లోపలికి పోయి సొరకాయ బుర్రతో జావ తెచ్చింది, మోదుగాకు దొప్పలో పోసి వాడి చేతిలో పెట్టింది. పుల్లగా, చల్లగా. వాడు మూడు దొప్పలు తాగాడు. ఇంట్లో రాగిజావ పెడితే పారిపోయే వెధవ! అవ్వా, మీకు దండం. మా అక్క ఈ ముక్క విని మీ గురించే రెండు రోజులు అడిగింది.

ఆమె కేకేస్తే వచ్చాడు సైకిల్ రిపేరు అన్న. షాపంటే షాపు కాదు, ఇప్పచెట్టు కింద ఒక ఇనప్పెట్టె, గాలి పంపు, పంచర్ నీళ్ల తొట్టి. నన్ను చూసి చక్కటి తెలుగులో "ఎక్కడి నుంచన్నా?" అన్నాడు. ఏటా ఖమ్మం వైపు మిరపకాయలు ఏరడానికి పోయేవాడట, నాలుగైదు సీజన్లలో తెలుగు వచ్చేసింది. చెవిలో ఆ తెలుగు పడగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

నా బ్యాగులో పదిహేను వందలు పోసి కొన్న మల్టీ టూల్ ఉంది, అందులో పన్నెండు రకాల పానాలున్నాయి, చైన్ విప్పే ముక్క తప్ప. అమ్మినవాడు అదీ అక్కర్లేదన్నాడు, స్పేర్ హ్యాంగర్ కూడా అక్కర్లేదన్నాడు, సరే పోనీ. ఈ అన్న గేర్ల సైకిల్ ఎప్పుడూ విప్పలేదట. రెండు నిమిషాలు చక్రం వంక, చైన్ వంక చూసి, "ఇవన్నీ తీసేస్తే ఇది కూడా మామూలు సైకిలే కదా" అన్నాడు. అంతే. విరిగిన గేర్ విప్పి పక్కన పెట్టాడు. ఒక పెద్ద నట్టును రాయి మీద పెట్టి, చైన్ లింకు దాని బొక్క మీదికి తెచ్చి, మొన అరగదీసిన మేకుతో పిన్నును కొట్టడం మొదలుపెట్టాడు, సుత్తెతో గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. పిన్ను పూర్తిగా బయటకు రానివ్వకూడదు, వస్తే మళ్లీ ఎక్కదు, అంచు దాకా తెచ్చి ఆపాలి. ఆపాడు. ముందు నడిమి చక్రం, వెనక నడిమి పళ్లు వరసగా ఉండేలా చూసుకుని చైన్ కురచ చేసి, అదే పిన్ను తిప్పి కొట్టి బిగించాడు. "వెనక్కి తొక్కకు, చైన్ పడుద్ది" అని ఒక్కటే జాగ్రత్త చెప్పాడు. నా ఇరవై ఒక్క గేర్ల సైకిల్ ఒక్క గేర్ సైకిలైంది. ఎంతన్నా అంటే ఇరవై రూపాయలన్నాడు. రెండు వందలు ఇవ్వబోతే చిల్లర లేదని అలిగినట్టు ముఖం పెట్టాడు, చివరికి ఇరవయ్యే తీసుకున్నాడు.

అప్పటికి చీకటి పడుతోంది. అంతలో బండి చప్పుడు, చూస్తే పొద్దుటి గార్డు. మేం రోడ్డు మీద ఎక్కడా కనపడకపోయేసరికి, బాట మొదట్లో టైర్ గుర్తులు చూసి వెతుక్కుంటూ వచ్చాడట. తిడతాడనుకున్నాను. తిట్టాడు కూడా, పిల్లాడి ముందే, న్యాయంగానే. ఆ తర్వాత ఆలాపల్లి దాకా మా వెనకే మోటార్‌సైకిల్ లైటు వేసి, మా వేగానికి తగ్గట్టు మెల్లగా నడుపుకుంటూ వచ్చాడు. మా ఇద్దరి నీడలు ముందు రోడ్డంతా సాగి, టేకు మానుల మీదికి ఎక్కి దిగుతూ పోయాయి. మావాడికి అదొక ఆట. నాకైతే ఆ లైటు ఆరిపోకుంటే చాలని ఒకటే ప్రార్థన. సార్, మీ మాట వినకుండా బాటలోకి దిగినందుకు క్షమించండి, డ్యూటీ అయిపోయాక మీ పెట్రోలు పోసుకుని వచ్చినందుకు చాలా థ్యాంక్స్. ఆలాపల్లి నాకా దగ్గర టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

అటు సైకిళ్లేసుకుని వెళ్లేవాళ్లు తప్పకుండా వెళ్లండి, రోడ్డు మీదే వెళ్లండి, మీ సైకిల్‌కు సరిపోయే హ్యాంగర్ ఒకటి సంచిలో పడేసుకోండి. ఒక్కో మోడల్‌కు ఒక్కో ఆకారం ఉంటుంది, నాది ఆర్డర్ పెడితే రావడానికి పద్నాలుగు రోజులు పట్టింది.

వచ్చింది కాబట్టే ఇది కూడా రాస్తున్నా. రిపేరు అన్నా, ఆ రోజు కంగారులో గేర్ డబ్బా మీ ఇనప్పెట్టె మీదే మర్చిపోయి వచ్చాను. వచ్చే ఆదివారం వస్తున్నాను, పిల్లాడూ వస్తానంటున్నాడు, అవ్వకు చింతపండు తెస్తాం. గేర్ బిగించేది మీరే. ఈసారి రెండు వందలకు చిల్లర నేనే తెస్తాను.