వాంతులు ఓర్చుకోమని రాయకండి

ఎడిటర్ గారికి,

ఫిబ్రవరి 4 క్యాన్సర్ దినం నాడు మీ పేపర్లో వ్యాసం వచ్చి పది రోజులు దాటింది, రాయాలి రాయాలి అనుకుంటూనే ఉన్నా. కీమోలో వాంతులు మామూలే, ధైర్యంగా ఓర్చుకోవాలి, నిమ్మకాయ వాసన చూడాలి అని రాశారు. ఎందుకు ఓర్చుకోవాలండీ? రాకుండా ఆపే మందులుంటే!

మా అమ్మకి ఎక్కించింది సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు. ముందుగా మందులివ్వకపోతే నూటికి 90 మందికి పైనే వాంతులు చేయించే మందు అది. మొదటిసారి ఒండాన్‌సెట్రాన్ బిళ్ళలు ఒక స్ట్రిప్ చేతిలో పెట్టి, వాంతి వస్తే వేసుకోండి అని పంపేశారు. హైదరాబాద్ నుంచి మిర్యాలగూడ దాకా బస్సులో బాగానే ఉంది, ఆ రాత్రి కూడా బాగానే పడుకుంది, హమ్మయ్య అనుకున్నాం. మర్నాడు మధ్యాహ్నం మొదలైంది. పక్కింట్లో పోపు వేసినా బకెట్ కావాల్సి వచ్చేది. మూడో రోజుకి గుక్కెడు నీళ్ళు నిలవలేదు, మూత్రం తగ్గిపోయింది, కిడ్నీల మీద పడే మందుకి అది ఎంత ప్రమాదమో మాకేం తెలుసు. చీటీ మీదున్న నంబర్‌కి రాత్రంతా చేశా, ఒక్కరూ ఎత్తలేదు. చివరికి ఇక్కడే సెలైన్ పెట్టించాం.

రెండోసారి వేరే డాక్టరమ్మ చూశారు. కీమో ఎక్కించి 24 గంటలు దాటాక వచ్చే వాంతులు వేరు, రెండు మూడు రోజులకి ఎక్కువవుతాయి, ఒండాన్‌సెట్రాన్ ఒక్కటే సరిపోదు అని కూర్చోబెట్టి చెప్పారు. కీమోకి ముందే వాంతులు రాకుండా ఇంజెక్షను, డెక్సామెథసోన్, అప్రెపిటెంట్ ఇచ్చారు, అప్రెపిటెంట్ మొదటి రోజు 125 మిల్లీగ్రాములు, తర్వాత రెండు రోజులు 80, రాత్రిళ్ళు ఒలాంజపిన్. అమ్మ మూడో రోజు పప్పుచారుతో అన్నం తిన్నది. అదే మనిషి, అదే కీమో.

ఇందులో ఇంకో గొడవ. మెడికల్ షాపులో అబ్బాయి ఒలాంజపిన్ చూసి ఇది పిచ్చికి ఇచ్చే మందు కదా అన్నాడు, తమ్ముడు ఫోన్లో వెతికి ఆపేద్దాం అన్నాడు. వాంతులకి అని చీటీ మీద తెలుగులో ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది? మగతగా ఉంటే డోసు తగ్గించమని అడగొచ్చని కూడా మాకు తర్వాతే తెలిసింది. 10 మిల్లీగ్రాములకి బదులు 2.5 సరిపోతుందని, మగత తక్కువని 2024లో ముంబయి టాటా మెమోరియల్ వాళ్ళే చూపించారు.

మొదటిసారి పడ్డ బాధ వల్ల ఇప్పుడు అమ్మకి ఆస్పత్రి గేటు చూస్తేనే కడుపులో తిప్పుతుంది. ఆ భయం ఏ బిళ్ళకీ తొందరగా పోదట.

క్యాన్సర్ దినం వస్తే ర్యాలీలు తీస్తారు, నాయకులు ఫోటోలు దిగుతారు. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది, డబ్బు సంగతి కొంత చూసింది, మరి ఇంటికెళ్ళాక ఏ రోజు ఏ బిళ్ళ, నీళ్ళు కూడా నిలవకపోతే ఎప్పుడు పరుగెత్తాలి అని తెలుగులో ఒక్క పేజీ మా చేతిలో ఎవరూ పెట్టలేదు. సంతకం పెట్టించుకునే కాగితాలన్నీ ఇంగ్లీషే. రాత్రి ఎత్తే ఫోన్ ఒక్కటి పెట్టమని అధికారుల్ని అడుగుతున్నా.

మీరు కూడా ఆ నిమ్మకాయ మాట వేసిన చోటే, అంతే పెద్ద అక్షరాలతో, వాంతులకి మందులు ముందే అడగండి అని వేయండి. అమ్మకి వచ్చే గురువారం మళ్ళీ కీమో ఉంది, ఆ వార్డులో మీ పేపర్ చదివేవాళ్ళు చాలామందే ఉంటారు.

ఒక పాఠకురాలు,
మిర్యాలగూడ