పైన శిక్షణ విమానాలు, కింద చెత్త కుప్పలు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ శివార్లలోని మా దుండిగల్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లు, విల్లాలు ఎంత వేగంగా లేస్తున్నాయో అందరూ చూస్తున్నదే. వాటితో పాటు రోడ్ల పక్కన చెత్త కూడా పెరిగిపోయింది, అందులోనూ కోళ్ల వ్యర్థాలు మరీ ఎక్కువ. రాత్రిపూట ఎవరో మూటలు మూటలుగా పడేసి పోతారు, తెల్లారేసరికి ఈకలు, పేగుల చుట్టూ కుక్కలు, పైన గుంపులుగా గద్దలు. కంపు సంగతి అలా ఉంచండి, నాకు భయమేసేది ఆ గద్దల్ని చూసే. అవి తిరిగే ఎత్తులోనే ఎయిర్‌ఫోర్స్ అకాడమీ క్యాడెట్లు విమానం నడపడం నేర్చుకుంటున్నారు.

1967లో అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేసిన అకాడమీ ఇది. ఇక్కడ ఓనమాలు దిద్దుకున్నాకే ఫైటర్లకు ఎంపికైనవాళ్లు బీదర్‌లో హాక్ జెట్ల దాకా వెళ్తారు, హెలికాప్టర్ల వాళ్లు హకీంపేటకి, రవాణా విమానాల వాళ్లు యెలహంకకి. దేశంలో తొలి మహిళా ఫైటర్ పైలట్లు ముగ్గురూ, అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్, 2016 జూన్‌లో ఇక్కడి పరేడ్‌లోనే అధికారులయ్యారు. మన ఊరి పక్కనే ఇది ఉన్నందుకు నాకైతే చాలా గర్వం.

ఈ చదువు ఎంత ప్రమాదంతో కూడుకున్నదో కూడా ఈ ప్రాంతానికి తెలుసు. 2009లో మెదక్ జిల్లాలో హెచ్‌పీటీ-32 అనే శిక్షణ విమానం కూలి ఇద్దరు శిక్షకులు చనిపోయాక ఆ రకం విమానాలన్నీ ఆపేశారు, వాటిలో ఎజెక్షన్ సీటు, అంటే ప్రమాదంలో పైలట్‌ని విమానం బయటికి విసిరి కాపాడే సీటు, కూడా ఉండేది కాదు. 2013లో వచ్చిన పిలాటస్ పీసీ-7లో ఆ సీటు ఉంది. అయినా 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర ఒక పిలాటస్ కూలి శిక్షకుడు, క్యాడెట్ ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. దానికి పక్షులు కారణమని నేను అనడం లేదు. అసలే ఇంత రిస్క్ ఉన్న పనికి మనం ఇంకొకటి తగిలించకూడదు అంటున్నాను.

పిలాటస్‌కి ఉన్నది ఒక్కటే ఇంజిన్. ముందు సీట్లో క్యాడెట్, వెనక శిక్షకుడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు రన్‌వే మీద చక్రాలు ఆనించి, ఆగకుండా మళ్లీ లేచి, ఒక చుట్టు తిరిగొచ్చి మళ్లీ దిగుతారు, అదే పదే పదే. అంటే ఎక్కువసేపు నేలకి దగ్గర్లోనే, తక్కువ వేగంతో ఎగురుతుంటారు. అంత కిందుగా ఉన్నప్పుడు ఒక గద్ద వచ్చి తగిలితే ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి ఉండేవి సెకన్లే, ఆ ముందు సీట్లో ఉన్న క్యాడెట్‌కి ఇరవై ఏళ్లు అటూ ఇటూ ఉంటాయంతే.

విమానం దిగే చోటు నుంచి పది కిలోమీటర్ల లోపు జంతువుల్ని కోయకూడదని, పక్షుల్ని రప్పించే చెత్త వేయకూడదని 1937 నాటి విమాన నిబంధనల్లోనే ఉంది. కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఉన్నది అమలు చేస్తే చాలు. కోళ్ల దుకాణాల వ్యర్థాల్ని ఏ రోజుకారోజు మూత ఉన్న బండిలో తీసుకెళ్లాలి, తీసుకెళ్లినట్టు రసీదు చూపిస్తేనే లైసెన్స్ రెన్యువల్ చెయ్యాలి. పారబోసే చోట్లు అందరికీ తెలిసినవే కాబట్టి అక్కడ కెమెరాలు పెట్టి జరిమానా వెయ్యండి. కాలనీ సంఘాలు కూడా కేవలం సొంత గేటు ముందు శుభ్రంగా ఉంటే చాలనుకోకుండా, ఖాళీ ప్లాట్లలో మూటలు కనిపించిన రోజే ఫిర్యాదు చెయ్యాలి.

– దుండిగల్ పరిసర వాసి