త్రిత్వం మీద రెండు వైపులా చరిత్ర తప్పే చెప్తున్నారు

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

మీ పేపర్లో ఈ మధ్య త్రిత్వం మీద, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడు అన్న క్రైస్తవ నమ్మకం మీద వస్తున్న ఉత్తరాలు వరసగా చదువుతున్నా. మొదట ఒకాయన రాశారు, త్రిత్వం అనే మాటే బైబిల్లో లేదు, కాన్‌స్టంటైన్ అనే రోమా చక్రవర్తి 325లో ఇప్పటి టర్కీలో ఉన్న నైసియా ఊళ్ళో బిషప్పులందర్నీ కూర్చోబెట్టి ఓటింగ్ పెట్టి యేసుని దేవుణ్ణి చేసేశాడు అని. దానికి జవాబుగా ఇంకొకాయన, త్రిత్వాన్ని ఒప్పుకోనివాడు అసలు క్రైస్తవుడే కాదు, మొదట్నుంచీ సంఘమంతా ఒకే మాట మీద ఉంది, ఈ తేడాలన్నీ నిన్న మొన్న యూట్యూబ్‌లో పుట్టినవి అని కోపంగా రాశారు. నేను లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి, త్రియేక దేవుణ్ణి నమ్మేవాణ్ణే, విశ్వాస ప్రమాణం, అంటే మేం నమ్మేది ఇదీ అని ఆరాధనలో అందరం కలిసి చెప్పే మాటలు, చెప్పేటప్పుడు నోరు కదపకుండా నిలబడే బాపతు కూడా కాదు. అయినా సరే చెప్తున్నా, ఈ ఇద్దరు పెద్దమనుషులు రాసింది చరిత్ర కాదండీ, ఎవరి పక్షానికి ఏది కావాలో అది.

ముందు మొదటాయన సంగతి చూద్దాం. సభ పిలిచింది కాన్‌స్టంటైనే, అందులో డౌట్ లేదు. కానీ అక్కడ తేలాల్సింది యేసు మామూలు మనిషా దేవుడా అని కాదు. అలెగ్జాండ్రియాలో ఆరియస్ అని ఒక పెద్ద ఉండేవాడు, మంచి ప్రసంగీకుడు. ఆయన కూడా యేసుని దేవుని కుమారుడనే అనేవాడు, లోకమంతా ఆయన ద్వారానే కలిగిందనేవాడు, కాకపోతే తండ్రి మొట్టమొదట కుమారుణ్ణే సృష్టించాడు, కుమారుడు లేని కాలం ఒకటి ఉంది అనేవాడు. ఆ ఊరి బిషప్ అలెగ్జాండర్ అది కుదరదన్నాడు, కుమారుడు తండ్రితో పాటు ఆదినుంచీ ఉన్నవాడే, సృష్టి కాదు అని. గొడవంతా ఇదీ. చివర్లో ఆరియస్ వైపే గట్టిగా నిలబడి సంతకం పెట్టనన్న బిషప్పులు ఇద్దరే ఇద్దరు, ఇద్దరూ లిబియా వైపు వాళ్ళు, వాళ్ళనీ ఆరియస్‌నీ కలిపి దేశం నుంచి పంపించేశారు. ఇంక బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో కూడా నైసియాలోనే తేల్చారని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరుగుతూ ఉంటుంది, అది అసలే కాదు, ఆ సభ ఈస్టర్ ఎప్పుడు చెయ్యాలో మాట్లాడింది, 20 నియమాలు రాసింది, పుస్తకాల లిస్టు ఊసు అందులో ఎక్కడా లేదు.

ఇంకో సంగతి, ఉత్తర ఆఫ్రికాలో కార్తేజ్ అనే ఊళ్ళో టెర్టులియన్ అని ఒకాయన, నైసియాకి సుమారు వందేళ్ళ ముందే లాటిన్‌లో త్రిత్వం అనే మాట వాడేశాడు, ముగ్గురు వ్యక్తులు ఒకే సారం అని రాశాడు కూడా. అప్పటికి కాన్‌స్టంటైన్ పుట్టనే లేదు. మరి చక్రవర్తి కల్పించాడంటే ఎట్లా కుదురుద్ది?

కుదరకపోగా, కాన్‌స్టంటైన్ ఆ తర్వాత చేసిన పని చూడండి. కొన్నేళ్ళకి ఆరియస్‌ని వెనక్కి పిలిపించాడు. ఆరియస్‌కి బద్ధవ్యతిరేకి, అలెగ్జాండర్ తర్వాత అలెగ్జాండ్రియా బిషప్ అయిన అతనాసియస్‌నేమో 335లో ఎక్కడో జర్మనీలో ఉన్న ట్రియర్‌కి పంపించేశాడు. 337లో చావు మంచం మీద బాప్తిస్మం తీసుకున్నాడు కదా, అది ఎవరి చేత? నికొమీడియా బిషప్ యుసేబియస్ చేత, అంటే ఆరియస్‌ని వెనకేసుకొచ్చిన బ్యాచ్‌కి పెద్ద దిక్కు చేత. త్రిత్వాన్ని కనిపెట్టినవాడు పోయి పోయి అవతలి పార్టీ బిషప్ చేతిలో మునుగుతాడా?

ఇప్పుడు రెండో ఆయన. సంఘమంతా ఒకే మాట మీద ఉంది అన్నారు, 325 తర్వాత ఏం జరిగిందో చదివితే ఆ మాట రాసేవారు కాదు. కాన్‌స్టంటైన్ కొడుకు కాన్‌స్టాన్షియస్ పూర్తిగా అవతలి వైపు మొగ్గాడు, సభ మీద సభ పెట్టించాడు, 359లో బిషప్పుల చేత నైసియా మాటలు పక్కన పెట్టించి వేరే ప్రమాణం మీద సంతకాలు పెట్టించాడు. అతనాసియస్ 45 ఏళ్ళు బిషప్‌గా ఉంటే అందులో దాదాపు 17 ఏళ్ళు ప్రవాసంలోనే గడిచాయి, ఒకసారి కాదు ఐదుసార్లు వెళ్ళగొట్టారాయన్ని, ఎవరు గద్దెక్కితే వాళ్ళ మాట. ఇంక పరిశుద్ధాత్మ సంగతైతే 325 ప్రమాణంలో ఒక్క ముక్కే, పరిశుద్ధాత్మను నమ్ముచున్నాము అని, అంతే, ఫుల్‌స్టాప్. ఆత్మ కూడా తండ్రి కుమారులతో సమానమేనా అన్నది తేలడానికి ఇంకో యాభై ఏళ్ళు పైన పట్టింది, ఇప్పటి టర్కీలో ఉన్న కప్పదోకియ నుంచి బాసిల్, ఆయన తమ్ముడు గ్రెగరీ, వాళ్ళ ఫ్రెండ్ ఇంకో గ్రెగరీ, ఈ ముగ్గురూ కూర్చుని వాదించి రాసి పెట్టిన దాని మీద 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ నిలబడింది. మనం ఇవాళ నైసియా విశ్వాస ప్రమాణం అని చదివేది నిజానికి ఆ 381 దాన్నే.

ఇక్కడ మొదటాయనకి ఒక మార్కు ఇవ్వాల్సిందే. రాజు చెయ్యి లేదని నేను అనను. కానీ ఆ చెయ్యి గట్టిగా పడింది 325లో కాదు, 380లో థియోడోసియస్ చక్రవర్తి ఇచ్చిన శాసనంలో. తండ్రి కుమార పరిశుద్ధాత్మల్ని ఒకే దేవుడిగా నమ్మేవాళ్ళే కాథలిక్ క్రైస్తవులు, మిగతావాళ్ళు తప్పుడు మతం వాళ్ళు, వాళ్ళకి శిక్ష కూడా ఉంటుంది అని. సిద్ధాంతం వేరు, దాన్ని పోలీసు కేసు చెయ్యడం వేరు కదండీ. ఆ రెండోది నాకు ఎప్పుడూ మింగుడుపడదు. అయినా ఆరియస్ మాట నమ్మేవాళ్ళు అంతటితో పోలేదు, గోత్‌లు, వాండల్స్ లాంటి జాతులు తరాల తరబడి ఆ నమ్మకంతోనే ఉన్నారు, స్పెయిన్ రాజ్యం 589 దాకా అటువైపే.

తర్వాత తూర్పు పడమర సంఘాలు విడిపోయిన కథలో కూడా ఇది ఉంది, పరిశుద్ధాత్మ తండ్రి నుంచి వస్తాడా, తండ్రి నుంచీ కుమారుని నుంచీ ఇద్దరి నుంచీ వస్తాడా అని. పడమటి వాళ్ళు ఆ కుమారుని నుంచి అన్న ముక్క ప్రమాణంలో కలిపారు, తూర్పువాళ్ళు మమ్మల్ని అడక్కుండా ఎట్లా కలుపుతారన్నారు, 1054 నాటికి తెగిపోయింది. నైసియాకి 1700 ఏళ్ళు నిండాయని 2025 నవంబరులో పోప్ లియో, కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ బర్తొలొమయి కలిసి అదే ఊళ్ళో, ఇప్పుడు ఇజ్నిక్ అంటున్నారు, ప్రార్థన చేశారు. మన పాస్టర్లలో ఎంతమంది ఆ సంగతి సంఘానికి చెప్పారో మరి.

వాక్యాల దగ్గరికి వస్తే రెండు పక్షాల చేతిలోనూ ఉన్నాయి. తండ్రి నాకంటె గొప్పవాడు అని యోహాను 14లో ఉంది, ఆ దినము ఆ గడియ కుమారుడికి కూడా తెలియదని మార్కు 13లో ఉంది. నేనును తండ్రియును ఏకమై యున్నాము అని యోహాను 10లో ఉంది, తోమా ఆయన్ని చూసి నా ప్రభువా నా దేవా అన్నది యోహాను 20లో ఉంది. ఎవడికి వాడు తనకి పనికొచ్చేవి రెండు గట్టిగా అరిచి అవతలివాడు చెప్పేవి వినకుండా పోతే అది వాదం ఎట్లా అవుద్ది. మా వాళ్ళు ఇంకో తప్పు కూడా చేస్తారు, పరలోకంలో సాక్ష్యమిచ్చేవాళ్ళు ముగ్గురు, తండ్రి వాక్యం పరిశుద్ధాత్మ అని 1 యోహాను 5 నుంచి చూపిస్తారు, పాత ఇంగ్లీషు బైబిల్ పట్టుకుని. అది పాత గ్రీకు రాతప్రతుల్లో లేదు, ఎరాస్మస్ అనే పండితుడు 1516లో గ్రీకు కొత్త నిబంధన అచ్చు వేసినప్పుడు వదిలేశాడు, గొడవ చేస్తే 1522లో పెట్టాడు. మన తెలుగు బైబిల్లో అక్కడ ఉన్నది ఆత్మ, నీళ్ళు, రక్తం, కావాలంటే తీసి చూడండి. లేని వాక్యంతో త్రిత్వాన్ని నిలబెట్టాల్సిన ఖర్మ మనకేంటి.

అసలు మా సండే స్కూళ్ళలో చెప్పేదే త్రిత్వం కాదండీ. నీళ్ళు, ఐసు, ఆవిరి మూడూ ఒకటే కదా, దేవుడు కూడా అంతే అని పిల్లలకి చెప్తారు. అది మూడో శతాబ్దంలో సబెల్లియస్ చెప్పిందే, ఒకే దేవుడు ఒక్కోసారి ఒక్కో రూపంలో కనపడతాడు అని, సంఘం అది తప్పని వెళ్ళగొట్టిన బోధ! పిల్లలకి అది నేర్పి, పెద్దయ్యాక వాళ్ళు యేసు నామ బాప్తిస్మం సంఘానికి వెళ్ళిపోతే ఆశ్చర్యపోతాం. ఆ సంఘాలవాళ్ళు దాదాపు అదే అంటారు, ముగ్గురు వ్యక్తులు లేరు, తండ్రీ ఆయనే కుమారుడూ ఆయనే ఆత్మా ఆయనే, ఆ దేవుడి పేరు యేసు, కాబట్టి అపొస్తలుల కార్యములు 2:38 ప్రకారం యేసు పేరు మీదే ముంచాలి అని. ఇది పెంతెకొస్తు వాళ్ళలో 1913లో లాస్ ఏంజిలిస్ దగ్గర ఒక కూటంలో మొదలై, 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ చీలిపోయేదాకా వెళ్ళింది. మత్తయి 28:19లో తండ్రి యొక్కయు కుమారుని యొక్కయు పరిశుద్ధాత్మ యొక్కయు నామములోనికి అని ఉంది కదా అంటే, ఆ నామం ఏదో చెప్పు చూద్దాం అంటారు. నాకైతే వాళ్ళ వాదన నప్పలేదు, యేసు బాప్తిస్మానికి యోర్దాను నదిలో దిగినప్పుడు పైనుంచి మాట్లాడిందెవరు, గెత్సేమనే తోటలో ఆయన ప్రార్థన చేసింది ఎవరికి అన్న ప్రశ్న అట్లానే మిగిలిపోద్ది. కానీ వాళ్ళు బైబిల్ చదవకుండా మాట్లాడుతున్నారని మాత్రం అనలేను.

మీకు ఉత్తరం రాసిన రెండో ఆయన వీళ్ళనీ యెహోవా సాక్షుల్నీ ఒకే గాటన కట్టేశారు. రెండూ తల్లకిందులు! యేసు నామం వాళ్ళకి యేసే సంపూర్ణంగా దేవుడు. సాక్షులకి యేసు దేవుడు చేసిన మొదటి సృష్టి, ప్రధానదూత మిఖాయేలు కూడా ఆయనే, పరిశుద్ధాత్మ వ్యక్తి కాదు దేవుని శక్తి. ఆరియస్‌కి దగ్గరగా ఉన్నది వీళ్ళు. ఒకళ్ళు యేసుని తండ్రిలో కలిపేస్తే, ఇంకొకళ్ళు తండ్రి కింద పెట్టేశారు, ఈ రెండు వర్గాల మధ్య దూరం మాకూ వాళ్ళకీ ఉన్నదానికంటే ఎక్కువ.

ఇదంతా పైనుంచి దిగుమతైన గొడవ, మన దేశానికి ఏం సంబంధం అనుకోవద్దు. మద్రాసులో విలియం రాబర్ట్స్ అనే తమిళాయన 1795లోనే త్రిత్వం ఒప్పుకోని యూనిటేరియన్ సంఘం పెట్టాడు. కలకత్తాలో రాజా రామమోహన రాయ్ యేసు బోధలు ఒక పుస్తకంగా 1820లో వేస్తే శ్రీరాంపూర్ మిషనరీ మార్ష్‌మన్ విరుచుకుపడ్డాడు, రాయ్ ఒకటి తర్వాత ఒకటి జవాబులు రాశాడు, చివరిది వెయ్యమని బాప్టిస్టు ప్రెస్ వాళ్ళు చేతులెత్తేస్తే సొంతంగా ప్రెస్ పెట్టుకుని 1823లో అచ్చేశాడు. అంతకంటే విచిత్రం, రాయ్‌తో కలిసి సువార్తల్ని బెంగాలీలోకి తెచ్చే పనిలో కూర్చున్న విలియం ఆడమ్ అనే బాప్టిస్టు మిషనరీ 1821 కల్లా తనే త్రిత్వం వదిలేశాడు, తోటి మిషనరీలు ఆయనకి పడిపోయిన రెండో ఆదాము అని పేరు పెట్టారు. (మార్చడానికి వచ్చినాయన మారిపోయి కూర్చున్నాడన్నమాట.) ఇటు బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ్ అనే బెంగాలీ ఆయన కాథలిక్ అయ్యి త్రిత్వాన్ని సచ్చిదానందం అని కీర్తన రాశాడు. మేఘాలయ ఖాసీ కొండల్లో 1887 నుంచి యూనిటేరియన్ సంఘాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇవేవీ యూట్యూబ్‌లో పుట్టినవి కాదు.

ఈ గొడవలో మనుషుల్ని చంపారు కూడా. మైకేల్ సెర్వేటస్ అనే స్పెయిన్ డాక్టరు త్రిత్వం తప్పని పుస్తకాలు రాశాడు, ఫ్రాన్స్‌లో కాథలిక్కుల జైలు నుంచి తప్పించుకుంటే వాళ్ళు ఆయన బొమ్మని తగలబెట్టారు, జెనీవా వెళ్తే 1553 అక్టోబరులో ప్రొటెస్టెంట్లు మనిషినే తగలబెట్టారు. ఎడిన్‌బరోలో థామస్ ఐకెన్‌హెడ్ అని 20 ఏళ్ళ స్టూడెంటు, త్రిత్వాన్ని ఎగతాళి చేశాడన్నది అతని మీద పెట్టిన అభియోగాల్లో ఒకటి, 1697లో ఉరి తీశారు. త్రిత్వం కాదనడం నేరం కాదని బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసింది 1813లో, మిషనరీలు మన దేశంలోకి వచ్చి పని చేసుకోవడానికి దారి తెరిచిన చార్టర్ చట్టం కూడా అదే సంవత్సరం.

మన దగ్గర ఎవరూ ఎవర్నీ తగలబెట్టట్లేదు, కానీ నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం వేరే ఉంది. మా ఏరియాలో ఒక సంఘంలో, పేరెందుకులెండి, ఒక ముసలాయన చనిపోతే, కొడుకు ఎప్పుడో యేసు నామంలో మళ్ళీ బాప్తిస్మం తీసుకున్నాడని, సమాధుల తోటలో స్థలం ఇవ్వనన్నారు. పోయినాయన చివరిదాకా ఆ సంఘం మెంబరే, చందా బాకీ కూడా లేదు. శవాన్ని ఇంట్లో పెట్టుకుని మత్తయి 28 అపొస్తలుల కార్యములు 2 వాదించుకున్నారు పెద్దలు. ఊళ్ళో వేరే మతం వాళ్ళు కల్పించుకుని మాట్లాడితే గానీ గోతికి చోటు దొరకలా.

1985లో కేరళలో జాతీయ గీతం పాడలేదని స్కూల్ నుంచి తీసేసిన ముగ్గురు పిల్లల కేసు గుర్తుందా, వాళ్ళు యెహోవా సాక్షుల పిల్లలు, గీతం వచ్చినప్పుడు మర్యాదగా లేచి నిలబడేవాళ్ళు, పాడేవాళ్ళు కాదు. 1986లో సుప్రీంకోర్టులో వాళ్ళకి అనుకూలంగా తీర్పు రాసింది మన చిన్నపరెడ్డి గారే, ఇంతకుముందు మన హైకోర్టులో జడ్జిగా చేసినాయనే. ఆ నమ్మకం మనకి వింతగా ఉందా లేదా అన్నది కాదు, వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా లేదా అన్నదే చూడాలన్నారు. ఒక కోర్టు చూపించిన పాటి ఓపిక సంఘ పెద్దలకి లేకపోతే ఎట్లా? ప్రభు భోజనపు బల్ల దగ్గరికి ఎవర్ని రానివ్వాలి, ప్రసంగ పీఠం ఎవరికి ఇవ్వాలి అన్నది ప్రతి సంఘానికీ ఉన్న హక్కు, నేను కాదనను. గొయ్యి మీద ఆ హక్కు పనిచెయ్యకూడదు, అందులోనూ తండ్రి శవం మీద కొడుకు నమ్మకానికి శిక్ష వెయ్యడం ఏ ప్రమాణంలో ఉందో ఆ పెద్దలు చూపించాలి.

మా సంఘం సమాధుల తోటకి రాతపూర్వకంగా రూల్స్ ఏమీ లేవు, ఇప్పటిదాకా పెద్దల నోటి మాటే నడుస్తోంది. చనిపోయిన మనిషి మెంబర్షిప్ తప్ప ఇంట్లోవాళ్ళ బాప్తిస్మాల సంగతి అడగకూడదని వచ్చే జనరల్ బాడీ మీటింగులో తీర్మానం పెడుతున్నా. మిగతా ఊళ్ళ సంఘాల్లో ఇట్లాంటి రూల్ రాసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే మీ పేపర్ ద్వారానే తెలియజేస్తే దాని కాపీ చూసుకుని రాసుకుంటాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
తెనాలి