హైబ్రిడ్ బ్యాటరీ ధర ముందే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

మూడేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో హైబ్రిడ్ కారు, అంటే పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉండే కారు, కొన్నాను. ఈ వేసవిలో విజయవాడ నుంచి వస్తుంటే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలిగింది. బ్యాటరీ మొత్తం మార్చాలన్నారు సర్వీస్ సెంటర్‌లో. వాళ్లు చెప్పిన ధర విన్నాక ఆ టెన్షన్‌తో రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. చివరికి తెలిసిన మెకానిక్ వెనక సీటు పక్కనున్న జాలీ విప్పి చూపించాడు. బ్యాటరీకి గాలి లాగే ఫ్యాన్ రెక్కల నిండా దుమ్ము, కుక్క వెంట్రుకలు గడ్డకట్టి ఉన్నాయి. శుభ్రం చేశాక ఆ లైటు మళ్లీ వెలగలేదు.

ఈ బ్యాటరీలు నాసిరకమని నేను అనను. 1997లో జపాన్‌లో టయోటా వారి హైబ్రిడ్ కారు ప్రియస్ వచ్చినప్పటి నుంచి ఇవి ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉన్నాయి. పూర్తిగా నిండకుండా, పూర్తిగా ఖాళీ కాకుండా కారులోని కంప్యూటరే చూసుకుంటుంది. వీటికి పడనిది వేడి. మన ఎండలకు గాలిదారి మూసుకుపోతే ఇంకేముంది! అయినా కొనేటప్పుడు ఆ జాలీ సంగతి నాకెవరూ చెప్పలేదు.

బ్యాటరీ మార్పిడి ఖర్చు, వారంటీ షరతులు అమ్మకం కాగితాల్లోనే తెలుగులో రాసివ్వాలి. పాత కారు చేతులు మారేటప్పుడు బ్యాటరీ పరీక్ష రిపోర్టు తప్పనిసరి చేయాలని రవాణా శాఖను కోరుతున్నాను.

- ఒక పాఠకుడు, సూర్యాపేట