నొజాకి చేసిన సంతకం

సంపాదకులకు నమస్కారం.

జపాన్ హైస్కూలు ప్రేమకథల మాంగాల్లోని (బొమ్మల కథల్లోని) అపార్థాలన్నీ కథను సాగదీసే ఎత్తుగడలేనన్న అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. 2011లో మొదలైన ఇజుమి త్సుబాకి మాంగా ‘గెక్కన్ షోజో నొజాకి-కున్’లో చియో అనే విద్యార్థిని తోటి విద్యార్థి నొజాకికి తన ప్రేమ సంగతి చెప్పబోయి, తడబాటులో ‘నేను మీ అభిమానిని’ అనేస్తుంది. మారుపేరుతో అమ్మాయిల కోసం ప్రేమకథల మాంగాలు గీసే నొజాకి వెంటనే సంతకం చేసి ఆమె చేతిలో పెడతాడు. ఆపై ఇంటికి రమ్మంటే ఆమె మురిసిపోతుంది, తీరా వెళ్లాక దొరికేది బొమ్మల్లో నల్లసిరా నింపే పని! ప్రేమకథలు అల్లేవాడికే ఎదుట ఉన్న ప్రేమ కనిపించకపోవడమనే వ్యంగ్యం ఆ పాత్ర స్వభావం నుంచే పుట్టింది. పైగా జపనీస్‌లో ‘సుకి’ అన్న మాట, మన ‘ఇష్టం’ లాగే, తినుబండారానికీ మనిషికీ సరిపోతుంది కనుక ఇటువంటి పొరపాట్లు తెలుగు పాఠకులకు ప్రత్యేక వివరణ లేకుండానే అర్థమవుతాయి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విజయవాడ