2024 వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించినది

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, దీపావళి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు వాట్సాప్ గ్రూపులో అందరూ చూశారు కాబట్టి ఇక్కడ పొడిగించను. బతుకమ్మ సంగతి మాత్రం రాయాలి. పార్కులో అనుమతి కోసం వేసవి నుంచి మెయిళ్లు పెడుతుంటే, పండగ అయిపోయాక జవాబొచ్చింది, ఫారం మళ్లీ నింపమని. చివరికి ఒక సభ్యురాలి ఇంటి పెరట్లో ఆడుకున్నాం. ఆ ఇంటివారికి సంఘం రుణపడి ఉంది. ఆదివారాలు తెలుగు బడి నడుపుతున్న టీచర్లకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది ఫిబ్రవరిలో జరిపిన, నల్లజాతి రచయిత్రి, పంతులమ్మ అన్నా జూలియా కూపర్ సభ. ఆమె పోయి 60 ఏళ్లయిన సందర్భం అది. "మనకేం సంబంధం?" అని కమిటీలోనే అడిగారు. ఆమె మనముంటున్న ఈ నార్త్ కరోలినా రాలీ ఊరి ఆడపడుచు, అదీ సంబంధం. 1858లో ఇక్కడే బానిసగా పుట్టింది. బానిసత్వం పోయాక సెయింట్ అగస్టీన్స్ బడిలో చేరింది. అక్కడ గ్రీకు తరగతి పాదిరీలు కాబోయే మగవాళ్లకే. నాకెందుకు చెప్పరని పట్టుబట్టి అందులో కూర్చుంది. పాఠం చెప్పిన కూపర్‌నే 1877లో పెళ్లాడింది. రెండేళ్లకే ఆయన పోయారు.

ఆ తర్వాత ఓబర్లిన్ కాలేజీలో డిగ్రీ, వాషింగ్టన్‌లో పంతులమ్మ ఉద్యోగం. 1892లో 'ఎ వాయిస్ ఫ్రమ్ ది సౌత్' అనే వ్యాసాల పుస్తకం వేసింది. దక్షిణాది నల్లజాతి స్త్రీ మాట ఎవరూ వినడం లేదన్నది అందులో ఆమె ఫిర్యాదు. అదే ఏడాది తోటి స్త్రీలతో కలిసి కలర్డ్ విమెన్స్ లీగ్ పెట్టింది. ఆ లీగ్ వాళ్లు చిన్నపిల్లల బడులు, కుట్టు తరగతులు, రాత్రి బడులు నడిపారు. మన పెద్దావిడ ఒకరు లేచి, సరిగ్గా పదేళ్లకు, 1902లో, భండారు అచ్చమాంబగారు బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టారని గుర్తుచేశారు. హాలంతా చప్పట్లు.

సభలో అందరికీ నచ్చింది పాస్‌పోర్టుల ఘట్టం. అమెరికన్ పాస్‌పోర్టు లోపలి పేజీల్లో కూపర్ మాట ఒకటి అచ్చయి ఉంది. స్వేచ్ఛ ఒక జాతిదో, మతానిదో, పార్టీదో, వర్గానిదో కాదు, మనుషులందరిదీ, పుట్టుకతో వచ్చిన హక్కు అని దాని సారాంశం. తెచ్చుకున్నవాళ్లు పేజీలు తిప్పారు. మిగతావాళ్లు, అంటే గ్రీన్‌కార్డు లైన్లో ఉన్న మనవాళ్లు, పక్కవాళ్ల భుజాల మీంచి తొంగిచూశారు. ఎన్నో ప్రయాణాలు చేసినవాళ్లు కూడా ఆ పేజీ ఎప్పుడూ చదవలేదట! స్టాంపుల మధ్య నలిగిన అక్షరాలను ఒక పిల్ల ఫోన్ టార్చి వేసి పైకి చదివింది.

సోదరుడి మనవలు ఐదుగురిని పెంచుతూనే 66వ ఏట, 1925లో, పారిస్‌లోని సోర్బాన్ యూనివర్సిటీలో డాక్టరేట్ సాధించిన మనిషి ఆమె. తర్వాత పని చేసుకునే పెద్దవాళ్ల కోసం ఫ్రీలింగ్‌హైసెన్ యూనివర్సిటీ నడుపుతూ, చోటు కరువైతే సొంతింట్లోనే తరగతులు పెట్టింది. ఈ ముక్క చదువుతుంటే నాకు మన కుర్చీల వ్యవహారం గుర్తొచ్చింది. గ్రూపులో "నేనొస్తా" అని బొటనవేలు గుర్తు పెట్టినవాళ్లలో సభ రోజు కుర్చీలు వేయడానికి వచ్చింది ఇద్దరే. సభయ్యాక తీయడానికి ఆ ఇద్దరూ, నేనూ. ఇది కమిటీ మాట కాదు, నా మాట.

మర్నాడు కొందరం రాలీ సిటీ సిమెట్రీలో, భర్త పక్కనే ఉన్న ఆమె సమాధి దగ్గర పూలు పెట్టి వచ్చాం. 105 ఏళ్లు బతికి వాషింగ్టన్‌లో కన్నుమూసినా, ఆమెను ఇక్కడికే తెచ్చి పూడ్చారు.

పులిహోర చేసినవారికి, మైకు ఇచ్చినవారికి, కరపత్రం ఉచితంగా వేసినవారికి, పిల్లల్ని చూసుకున్న అమ్మమ్మలకు ధన్యవాదాలు. ఎవరి పేరైనా తప్పిపోతుందేమోనన్న భయంతో పేర్లు రాయలేదు.

జమాఖర్చులు ఆఖరి పేజీలో ఉన్నాయి, ఆడిటర్ సంతకం కూడా ఉంది. హాలు అద్దె పెరిగింది, చందాలు పెరగలేదు. బకాయిలు ఉన్నవారు కోశాధికారిగారిని కలవండి.

కార్యదర్శి పదవికి ఇప్పటిదాకా ఒక్క నామినేషనూ రాలేదు. సభ మొదలయ్యేదాకా తీసుకుంటాం.