నేల పదును చెప్పే సిగ్నల్‌ను పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఆరెకరాల ఎర్రనేల, బోరు లేదు, వానొస్తేనే చెనక్కాయ. పోయినేడు ఆరుద్ర కార్తెలో వాన బాగా పడింది, విత్తుకోవచ్చు అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆ లెక్క మండల కేంద్రంలో పడిన వానది. నేనూ ఊరికే నమ్మలేదు, దారి పక్కన గడ్డపారతో తవ్వి చూశాను, జానెడు లోతు దాకా పదును, అంటే విత్తడానికి సరిపడే తేమ, ఉంది, సరేనని ఆరెకరాలకూ గొర్రు పెట్టించాను. గుట్ట వైపు మూడెకరాల్లో మట్టి పైన మాత్రమే తడిసిందని మొలకలు రాక తర్వాత తెలిసింది. విత్తనం, ట్రాక్టర్ బాడుగ, కూలీ అన్నీ మట్టిలో కలిసిపోయాయి. మా వైపు వాన సంగతి తెలిసిందే కదా, ఒక ఊళ్లో పడితే పక్క ఊళ్లో పడదు, ఒక్కోసారి ఒకే చేలో ఆ గట్టుకూ ఈ గట్టుకూ తేడా ఉంటుంది.

ఈ ఉత్తరం రాయడానికి కారణం అదొక్కటే కాదు. భూముల రీసర్వే జరిగినప్పుడు సర్వేయర్ మా చేలో రోవర్ కర్ర, అంటే జీపీఎస్ లాంటి ఉపగ్రహాల సిగ్నల్‌తో జాగా కొలిచే యాంటెన్నా కర్ర, నిలబెట్టి హద్దులు కొలిచాడు. ఆకాశం అంచున, బాగా కిందుగా ఉండే ఉపగ్రహాల సిగ్నల్ వద్దని మిషన్‌లోనే తీసేస్తామని, అవి నేలకు తగిలి ఎగిరి వచ్చి కొలత చెడగొడతాయని చెప్పాడు. అది విన్నాక పట్టుబట్టి చదివాను. వాళ్లు వద్దనుకునే ఆ ఎగిరొచ్చిన సిగ్నలే నేలలో ఎంత తేమ ఉందో చెబుతుంది! అమెరికాలో కొలరాడో యూనివర్సిటీకి చెందిన క్రిస్టీన్ లార్సన్, ఆమెతో పనిచేసినవాళ్లు 2008లోనే దీన్ని చూపించారు. భూమి పొరల కదలికలు కొలవడానికి పాతిన జీపీఎస్ స్టేషన్లతోనే తర్వాత అక్కడ నేల తేమ లెక్కలు తీశారు.

అది పనిచేసే తీరు కష్టమైనదేమీ కాదు. ఉపగ్రహం సిగ్నల్ కొంత నేరుగా యాంటెన్నాకు వస్తుంది, కొంత నేలకు తగిలి ఎగిరి వస్తుంది. ఈ రెండూ కలిసినప్పుడు ఒకసారి తోడై బలం పెరుగుతుంది, ఒకసారి ఒకదాన్నొకటి కొట్టేసుకుని తగ్గుతుంది, అలా ఉపగ్రహం పైకొచ్చేకొద్దీ, దిగిపోయేకొద్దీ సిగ్నల్ బలం ఉయ్యాలలా ఊగుతుంది. రేడియో సిగ్నల్‌కు ఒక పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే డైఎలక్ట్రిక్ విలువ ఎండు మట్టికి 3 నుంచి 5 ఉంటే నీటికి 80 దాకా ఉంటుంది. అందుకే తడి నేల మీద సిగ్నల్ పైపైనే ఎగురుతుంది, ఎండు నేలలో కాస్త లోపలికి దిగి వస్తుంది, దాంతో ఆ ఊపు కొంచెం పక్కకు జరుగుతుంది. ఎంత జరిగిందో చూసి పై 5 సెంటీమీటర్ల మట్టిలో తేమ లెక్కగడతారు. చెనక్కాయ విత్తనం వేసేది కూడా దాదాపు ఆ లోతులోనే, అందుకే నాకు ఇది ఇంతగా పట్టుకుంది. రెండు మీటర్ల ఎత్తున యాంటెన్నా పెడితే చుట్టూ వెయ్యి చదరపు మీటర్ల నేల, అంటే మన లెక్కలో పాతిక సెంట్లు, దాని కిందికి వస్తుంది. నేను గడ్డపారతో చూసింది ఒక్క గుంత.

దీనికి హద్దులు లేవనడం లేదు. పంట ఏపుగా పెరిగాక ఆకుల్లోని నీరు కూడా సిగ్నల్‌ను మారుస్తుంది కాబట్టి ఊడలు దిగే రోజుల్లో బెట్ట వస్తే వేరు దగ్గర తేమెంతో దీన్ని నమ్మి చెప్పలేం. కానీ విత్తేముందు చేను ఖాళీగానే ఉంటుంది కదా, మాకు టెన్షన్ అంతా ఆ పది పదిహేను రోజులదే.

అంతరిక్షం నుంచే చూస్తున్నారు కదా అంటారేమో. నాసా 2016 డిసెంబర్‌లో సిగ్నస్ పేరుతో ఎనిమిది చిన్న ఉపగ్రహాలు పంపింది. సముద్రం మీద తగిలి వచ్చే జీపీఎస్ సిగ్నల్‌తో తుఫాను గాలుల వేగం కొలవడం వాటి పని, నేల తేమ కూడా చెప్పగలవని తర్వాత తేలింది. మన జిల్లా వాటి చూపులోనే ఉంది, కాకపోతే అవి చెప్పేది కిలోమీటర్ల లెక్క, గట్టు లెక్క కాదు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా, ఇస్రోల రాడార్ ఉపగ్రహం నైసార్ చిన్న చిన్న జాగాలను కూడా విడిగా చూస్తుంది గానీ అదే దారిలో మళ్లీ రావడానికి 12 రోజులు పడుతుంది. మా ఎర్రనేలలో పైతడి ఎండలో అన్ని రోజులు ఆగదు.

రీసర్వే కోసం రాష్ట్రంలో బేస్ స్టేషన్లు, అంటే ఒకేచోట పాతిన ఉపగ్రహ సిగ్నల్ రిసీవర్లు, పెట్టారు, అవి రాత్రీ పగలూ సిగ్నల్ తీసుకుంటూనే ఉంటాయి. మిద్దెల మీద ఉన్నవి మిద్దెనే చూస్తాయి, వాటితో ఈ పని కాదు. ప్రభుత్వానికి నా మనవి ఇది: నేల దగ్గరగా, చుట్టూ ఖాళీ చేలు ఉన్నవి ఏవైనా ఉంటే వాటిలో కిందుగా ఉన్న ఉపగ్రహాల సిగ్నల్ బలాన్ని తుడిచేయకుండా దాచి, అందరికీ ఇవ్వండి. రేకులకుంట, కదిరి వ్యవసాయ పరిశోధన స్థానాల చేలల్లో ఒక్కో యాంటెన్నా పాతి, పక్కనే మట్టి తీసి ఓవెన్‌లో ఆరబెట్టి తూకం వేసి రెండు లెక్కలూ సరిపోతున్నాయో లేదో చూడండి. జేఎన్‌టీయూ, ఎస్కే యూనివర్సిటీ అనంతపురంలోనే ఉన్నాయి, పిల్లలకు ప్రాజెక్టుగా ఇవ్వొచ్చు. దీనికి లక్షలు పోసి కొనే సర్వే మిషనే కావాలని లేదు, చవక రిసీవర్లతో కూడా చేసి చూపించారు. లెక్క కుదిరాక వర్షాధార మండలాల్లో ఊరికి ఒకటి పెట్టి, మృగశిర ముందు నుంచి రోజూ ఫలానా ఊళ్లో పదును ఇంత అని మెసేజ్ పంపండి. మండలం పేరుతో వద్దు, ఊరి పేరుతో పంపండి.

మా ఊళ్లో పెడతామంటే గుట్ట వైపు చేలో జాగా నేనిస్తాను, కంచె కూడా నా ఖర్చుతోనే వేయిస్తాను.

ఇట్లు,
ఒక చెనక్కాయ రైతు,
కళ్యాణదుర్గం మండలం, అనంతపురం జిల్లా